శరత్కాలపు తోట పనులు: ఒక తోట పంచాంగాన్ని చరిత్ర ఆధారంగా చదవడం

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు:
- తోట పంచాంగం అంటే ఏమిటో, అది ఎప్పటి నుంచి వాడుకలో ఉందో వివరించగలుగుతారు.
- 17వ శతాబ్దపు ఇంగ్లండులో శరత్కాలంలో తోటల్లో చేసిన ముఖ్యమైన పనులను, వాటి వెనుక ఉన్న ఆర్థిక, సామాజిక కారణాలను పేర్కొనగలుగుతారు.
- 'ఇలా చేయాలి' అని చెప్పే ఆధారానికి, 'ఇలా జరిగింది' అని చెప్పే ఆధారానికి మధ్య తేడాను గుర్తించగలుగుతారు.

1. పరిచయం

చరిత్ర ఆధారాలు అనగానే శాసనాలు, నాణేలు, రాజపత్రాలు, యాత్రికుల రచనలు మీకు గుర్తుకు వస్తాయి. ఏ నెలలో ఏ విత్తనం వేయాలో, ఏ చెట్టు మొదట్లో ఎప్పుడు ఎరువు వేయాలో చెప్పే చిన్న పుస్తకం కూడా చరిత్ర ఆధారమేనా అన్న సందేహం మీకు కలగవచ్చు. ఆధారమే. అయితే దానిని చదివే పద్ధతి వేరు. అటువంటి పుస్తకం తన కాలంలో జరిగిన సంఘటనలను చెప్పదు. ఏది జరగాలని ఆ కాలపు మనుషులు కోరుకున్నారో, ఏది జరుగుతుందేమోనని భయపడ్డారో చెబుతుంది.

ఆ కోరికా భయమూ రెండూ శరత్కాలపు పుటల్లో స్పష్టంగా కనిపిస్తాయి. చలి దేశాలలో తోటమాలి ఆ మూడు నెలల్లో చేసిన పని ఫలితం అప్పటికప్పుడు తెలియదు. అక్టోబరులో నాటిన దుంప మొలకెత్తిందో కుళ్లిందో తెలియాలంటే వసంతం రావాలి. పొరపాటు జరిగితే దిద్దుకోవడానికి మధ్యలో అవకాశం ఉండదు. అందుచేత ఆ నెలల గురించి రాసిన సూచనల్లో జాగ్రత్తలు ఎక్కువగా కనిపిస్తాయి. ఈ పాఠంలో జాన్ ఈవ్లిన్ అనే ఆంగ్ల రచయిత 1664లో ప్రచురించిన తోట పంచాంగాన్ని ఉదాహరణగా తీసుకుని, ఆ పుటలను ఎలా చదవాలో పరిశీలిద్దాం.

2. 'శరత్కాలం' అంటే ఏ నెలలు?

ముందుగా ఒక మాటను సరిచూసుకోవాలి. ఇంగ్లండులో 'ఆటమ్' అంటే సుమారుగా సెప్టెంబరు, అక్టోబరు, నవంబరు నెలలు. దీనిని తెలుగులో 'శరదృతువు' అని అనువదించడం అలవాటు. మన శరదృతువు ఆశ్వయుజ, కార్తిక మాసాలు. నెలలు ఇంచుమించు కలుస్తాయి కానీ రెండు కాలాల స్వభావం ఒకటి కాదు. ఇంగ్లండులో ఆ రోజుల్లో ఆకులు పండి రాలతాయి. మనకు ఆకురాలు కాలం శిశిరం, అంటే మాఘ ఫాల్గుణాలు. మనకు శరత్తు అంటే వానలు వెనుకబట్టి ఆకాశం తేటపడి, చెరువులు నిండి, వెన్నెల తెల్లగా కాసే కాలం. ఇంగ్లండులో అదే సమయానికి పగలు వేగంగా తరిగిపోతూ, గడ్డకట్టే మంచు ఎప్పుడు పడుతుందో తెలియని ఆందోళన మొదలవుతుంది.

ఈ పాఠంలో 'శరత్కాలం' అన్నప్పుడు ఇంగ్లండులోని ఆ మూడు నెలలనే అర్థం చేసుకోండి. మన ప్రాంతం గురించి చెప్పినప్పుడు ఆ విషయం విడిగా పేర్కొంటాము.

3. తోట పంచాంగాల సంప్రదాయం

నెలల వారీగా పొలం పనులను, తోట పనులను రాసిపెట్టడం చాలా పాత అలవాటు. క్రీ.శ. 1వ శతాబ్దంలో రోమన్ రచయిత కొలుమెల్లా వ్యవసాయంపై రాసిన గ్రంథంలో ఏడాది పొడవునా చేయవలసిన పనుల పట్టిక ఉంది. ఆయన తరవాతి కాలపు రచయిత పల్లాడియస్ తన గ్రంథంలో నెలకు ఒక భాగం చొప్పున కేటాయించాడు. చైనాలో క్రీ.శ. 2వ శతాబ్దంలో త్సుయ్ షి అనే అధికారి, భూస్వామి కుటుంబాలు ఏ నెలలో ఏ పని చేయాలో చెప్పే పుస్తకం రాశాడు. ముస్లిం పాలనలో ఉన్న స్పెయిన్‌లో క్రీ.శ. 961 ప్రాంతంలో తయారైన కార్డోబా పంచాంగంలో నక్షత్రాల రాకపోకలతో పాటు పంటల, తోటల వివరాలు కూడా కనిపిస్తాయి.

ఇంగ్లండులో ఈ తరహా పుస్తకాలలో ప్రసిద్ధమైనది థామస్ టస్సర్ పద్య రచన. అది 1557లో వంద సూచనలతో వెలువడి, 1573 నాటికి అయిదు వందల సూచనలకు పెరిగింది. అందులో పెంచిన కూర్పు జనవరితో కాక సెప్టెంబరుతో మొదలవుతుంది. అప్పటి ఇంగ్లండులో సెప్టెంబరు 29న వచ్చే సెయింట్ మైకేల్ పండుగ నాటికి కోతలు ముగిసేవి. కౌళ్లు చెల్లించడం, కొత్త కౌళ్లు రాసుకోవడం, పనివాళ్లను కుదుర్చుకోవడం ఆ పండుగ చుట్టూ జరిగేవి. కౌలుదారుకు ఏడాది నిజంగా మొదలయ్యేది అప్పుడే. ఈ విధంగా ఒక పుస్తకం ఏ నెలతో మొదలవుతుందన్న చిన్న విషయం కూడా ఆ సమాజపు భూమి సంబంధాలను తెలియజేస్తుంది.

4. జాన్ ఈవ్లిన్, ఆయన పంచాంగం

జాన్ ఈవ్లిన్ (1620–1706) సంపన్న భూస్వామి కుటుంబంలో పుట్టాడు. 1660లో లండన్‌లో ఏర్పడిన రాయల్ సొసైటీ తొలి సభ్యులలో ఒకడు. లండన్‌కు దిగువన థేమ్స్ నది ఒడ్డున డెట్‌ఫర్డ్‌లో, రాజ నౌకాశాల పక్కనే ఉన్న సేయెస్ కోర్ట్ అనే ఇంట్లో 1650లలో స్థిరపడి అక్కడ పెద్ద తోట పెంచాడు. జీవితమంతా దినచర్య రాశాడు. అది ఆయన మరణించిన వందకు పైగా సంవత్సరాల తరవాత, 1818లో అచ్చయింది.

1662లో నౌకాదళ అధికారులు రాయల్ సొసైటీని ఒక విషయంలో సలహా అడిగారు. ఓడలు కట్టడానికి కావలసిన ఓక్ కలప తగ్గిపోతున్నది, ఏమి చేయాలన్నది వారి ప్రశ్న. దానికి సమాధానంగా ఈవ్లిన్ తయారు చేసిన నివేదికే పెరిగి 1664లో 'సిల్వా' అనే పుస్తకంగా వెలువడింది. దానికి రెండు అనుబంధాలు ఉన్నాయి. ఒకటి యాపిల్ పండ్లతో చేసే సైడర్ అనే పానీయం గురించి. రెండవది 'కలెండేరియం హార్టెన్సీ', అంటే తోట పంచాంగం. ఇది తరవాత విడిగా కూడా అచ్చయి, ఆయన జీవితకాలంలోనే పలు ముద్రణలు పొందింది.

ఈ పంచాంగం అమరిక చాలా సులభంగా ఉంటుంది. ప్రతి నెలకు మొదట రోజుల సంఖ్య, పగటి నిడివి ఉంటాయి. తరవాత పండ్ల తోటలోనూ కూరగాయల మళ్లలోనూ చేయవలసిన పనులు, ఆ నెలలో దొరికే పండ్లు, పూలతోటలో చేయవలసిన పనులు, ఆ నెలలో పూసే పూలు వరుసగా ఉంటాయి. అయితే వీటిని నౌకాదళపు కలప సమస్యతో మొదలైన పుస్తకంలోనే కలిపి ముద్రించారన్న సంగతి మరవకండి. ఓక్ గింజ నాటడం, యాపిల్ దాచడం, పూల మొక్కను చలి నుంచి కాపాడడం ఆనాటి విద్యావంతునికి ఒకే విద్యలోని భాగాలు.

5. సెప్టెంబరు నుంచి నవంబరు వరకు

ఈవ్లిన్ చెప్పిన శరత్కాలపు పనులను నాలుగు రకాలుగా విభజించి చూడవచ్చు.

(అ) కోసి దాచడం. శీతకాలానికి నిలవ ఉండే యాపిల్, బేరి పండ్లను పొడి వాతావరణంలో కోయాలి. దెబ్బ తగలనివ్వకూడదు. శుభ్రమైన చోట పరచాలి, లేకపోతే ఒక పండు మరొకదానిని చెడగొడుతుంది. అక్టోబరులో చంద్రుడు క్షీణించే పక్షంలో ఈ కోత జరగాలని కూడా ఆయన సూచిస్తాడు. తిథి చూసి విత్తనం వేసే పెద్దలు ఉన్న ఇళ్లలో పెరిగిన మీకు ఈ మాట కొత్తగా అనిపించదు. రాయల్ సొసైటీ సభ్యుడు, కొత్త విజ్ఞానశాస్త్రపు సమర్థకుడు కూడా చంద్రుని పక్షం చూశాడన్నది గుర్తుంచుకోదగిన విషయం. పాత నమ్మకం, కొత్త పరిశీలన ఒకే పుటలో పక్కపక్కనే ఉండగలవు.

(ఆ) నేలను సిద్ధం చేయడం. మళ్లను లోతుగా తవ్వి, మట్టిని చలికి, గాలికి వదిలిపెట్టాలి. సరిగా ఎదగని ముసలి చెట్ల మొదళ్ల చుట్టూ మట్టి తీసి వేళ్లకు గాలి తగిలేటట్లు చేయాలి. మన బత్తాయి, జామ తోటల్లో పూత కోసం నీరు ఆపి వేళ్లు బయటపెట్టే పద్ధతి మీలో కొందరికి తెలిసే ఉంటుంది. ఈ పనికి ఈవ్లిన్ వాడిన మాట లాటిన్ నుంచి వచ్చింది. కొలుమెల్లా ద్రాక్ష, ఆలివ్ తోటల గురించి రాస్తూ ఇదే మాట వాడాడు.

(ఇ) నాటడం. ఆకు రాలగానే పండ్ల చెట్లను నాటాలి. గోడ వెంట పెంచే చెట్లు అంటు కట్టి రెండేళ్లకు మించినవి కాకూడదు. గట్టి టెంక ఉన్న గింజలను నేలలో వేయాలి. ట్యులిప్ మొదలైన దుంపలను పూలమళ్లలో పాతాలి. నవంబరులో ముందస్తు బఠానీ, చిక్కుడు జాతి గింజలు వేయవచ్చు.

(ఈ) చలి నుంచి కాపాడడం. నారింజ, నిమ్మ, మల్లె జాతి మొక్కలు, మర్టిల్ వంటి సున్నితమైన మొక్కలను కుండీలతో సహా లోపలికి చేర్చాలి. నవంబరులో ఆ గది తలుపులు, సందులు పూర్తిగా మూసివేయాలి. గదిలో ఒక పళ్లెంలో నీళ్లు పోసి పెట్టాలి. ఆ నీరు గడ్డకడితే చలి ప్రమాదస్థాయికి చేరిందని తెలుసుకుని, నేలలో చిన్న గుంట తీసి అందులో రాజేసిన బొగ్గులు ఉంచాలి.

ఆ పళ్లెం నీళ్లను కొంచెం ఆలోచించండి. ఉష్ణమాపకం అప్పటికి సాధారణ తోటల్లోకి రాలేదు. తోటమాలికి తెలియవలసింది చలి ఎన్ని డిగ్రీలని కాదు, మొక్క చచ్చే చలి వచ్చిందా లేదా అని. దానికి పళ్లెం చాలు.

6. పనుల వెనుక ఉన్న చరిత్ర

పనుల పట్టికను అలాగే వదిలివేస్తే అది వ్యవసాయ సమాచారం మాత్రమే. ప్రతి పని ముందూ 'ఎందుకు?' అన్న ప్రశ్న వేస్తే అది చరిత్ర అవుతుంది.

పండ్లను అంత జాగ్రత్తగా దాచడం ఎందుకు? నవంబరు నుంచి మే వరకు తోటలో తాజాగా దొరికేవి చాలా తక్కువ. గదిలో పరచిన యాపిల్, పీపాలో పోసిన సైడర్, ఇసుకలో పాతిన దుంపలు ఆ నెలలకు ఆధారం. ఈవ్లిన్ వంటి సంపన్నునికి అది భోజనంలో రుచి. పేద కుటుంబానికి అదే ఆకలికి, తిండికి మధ్య ఉన్న తేడా. ఒకే పని రెండు వర్గాల ఇళ్లలో రెండు అర్థాలు ఇస్తుంది.

నారింజ చెట్టుకు గది ఎందుకు? నారింజ ఇంగ్లండు వాతావరణానికి చెందిన చెట్టు కాదు. దానిని పెంచాలంటే గోడలు, కిటికీలు, బొగ్గు, రాత్రిపూట కాపలా ఉండే మనిషి కావాలి. అందుచేత నారింజ చెట్టు యజమాని సంపదకు గుర్తు అయింది. ఇటువంటి గదికి 'గ్రీన్‌హౌస్' అనే మాటను అచ్చులో వాడిన తొలి రచయితలలో ఈవ్లిన్ ఒకడు. బొగ్గు పొగ మొక్కలకు మంచిది కాదని ఆయన తరవాత గ్రహించాడు. 1691 ముద్రణలో గది బయట పొయ్యి పెట్టి, వేడెక్కిన తాజా గాలిని గొట్టాల ద్వారా లోపలికి పంపే ఏర్పాటును వివరించాడు. ఒకే పుస్తకపు రెండు ముద్రణలను పోల్చి చూస్తే రచయిత ఆలోచన ఎలా మారిందో తెలుస్తుందనడానికి ఇది మంచి ఉదాహరణ.

ట్యులిప్ దుంపలు శరత్తులోనే ఎందుకు? ఆ దుంపలకు పూత రావాలంటే చలి కావాలి. కాబట్టి శరత్తులో పాతి, వసంతంలో పూశాక, వేసవి మొదట్లో తవ్వి తీస్తారు. ఒట్టొమన్ తోటల నుంచి ఐరోపాకు వచ్చిన ఈ పూవు, వృక్షశాస్త్రజ్ఞుడు కార్లస్ క్లూసియస్ 1593లో లైడెన్ విశ్వవిద్యాలయానికి వచ్చిన తరవాత హాలండులో బాగా ప్రసిద్ధి పొందింది. 1636 చివరి నెలల్లో అక్కడ ట్యులిప్ వ్యాపారం తీవ్రమయింది. అప్పటికి దుంపలు నేలలో ఉన్నాయి. అమ్మేవాడు చూపించలేడు, కొనేవాడు చూడలేడు. వేసవిలో దుంప తీసి ఇస్తానన్న మాట మీద, రాసుకున్న కాగితాల మీద ఒప్పందాలు జరిగాయి. 1637 ఫిబ్రవరి మొదట్లో కొనేవారు వెనకడుగు వేయడంతో ధరలు కూలిపోయాయి. ఆర్థిక చరిత్రలో మీరు చదివే 'ట్యులిప్ వ్యామోహం' ఇదే. దానికి మానవుల ఆశ ఒక కారణమైతే, దుంపను శరత్తులో పాతి వేసవి దాకా కదపకూడదన్న తోట నియమం ఆ వ్యాపారానికి ఆ రూపం ఇచ్చింది.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1

1. టస్సర్ రచన సెప్టెంబరుతో మొదలు కావడానికి కారణం ఏమిటి?
2. ట్యులిప్ ఒప్పందాలు కాగితాల మీద జరగడానికి, నాటే కాలానికి గల సంబంధాన్ని వివరించండి.

7. పుస్తకంలో ఉన్నది, తోటలో జరిగినది

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. పంచాంగంలో ఉన్నవన్నీ జరిగాయని అనుకోవచ్చా?

1683–84 శీతకాలం ఇంగ్లండు చరిత్రలో అత్యంత తీవ్రమైన శీతకాలాలలో ఒకటి. థేమ్స్ నది గడ్డకట్టి, మంచు మీద అంగళ్లు వెలిశాయి, సంత జరిగింది. లండన్‌లో ఉన్న ఈవ్లిన్ 1684 ఫిబ్రవరి మొదటి వారంలో తోట పరిస్థితి చూడడానికి డెట్‌ఫర్డ్ వెళ్లాడు. అరుదైన మొక్కలు అనేకం నాశనమయ్యాయని, నారింజ, మర్టిల్ మొక్కలు బాగా దెబ్బతిన్నాయని, రోజ్‌మేరీ చచ్చినట్లే ఉందని, సైప్రస్ మాత్రం తట్టుకునేలా కనిపిస్తున్నదని దినచర్యలో రాసుకున్నాడు. ఆ తరవాత తన తోటకు జరిగిన నష్టాన్ని వివరిస్తూ రాయల్ సొసైటీకి లేఖ రాశాడు. అది అదే సంవత్సరం సొసైటీ పత్రికలో అచ్చయింది.

ఇరవై ఏళ్లుగా ఇతరులకు జాగ్రత్తలు చెప్పిన మనిషి తోటకే ఈ గతి పట్టింది. దీనిని బట్టి ఆయన పుస్తకం పనికిరానిదని తేల్చకూడదు. పంచాంగం సగటు సంవత్సరాన్ని ఊహించుకుని రాసినది. దినచర్య ఒక నిర్దిష్ట సంవత్సరాన్ని నమోదు చేసినది. మొదటిది విధిని చెప్పే ఆధారం, రెండవది జరిగినదానిని చెప్పే ఆధారం. ధర్మశాస్త్రాలను బట్టి ప్రాచీన భారతీయుల జీవనం అంతా అలాగే సాగిందని చెప్పకూడదని మీరు మరొక పాఠంలో చదివి ఉంటారు. ఇక్కడ కూడా అదే జాగ్రత్త వర్తిస్తుంది.

మరొక జాగ్రత్త కూడా అవసరం. చెట్టు వేళ్లు బయటపెట్టే పనికి ఈవ్లిన్ రోమన్ల మాటను వాడాడని పైన చూశాము. ఆ పనిని ఆయన తన తోటలో చూసి రాశాడా, ప్రాచీన గ్రంథాల మీద గౌరవంతో చేర్చాడా అన్న ప్రశ్న వేసుకోవాలి. పుస్తకాలు తోటల నుంచి మాత్రమే పుట్టవు, పాత పుస్తకాల నుంచి కూడా పుడతాయి.

8. ఈ పనులు ఎవరు చేశారు?

పంచాంగంలోని వాక్యాలను గమనిస్తే 'కోయండి', 'తవ్వండి', 'మూయండి' అన్న ఆజ్ఞార్థక క్రియలే కనిపిస్తాయి. కర్త కనిపించడు. పుస్తకం కొని చదివేవాడు యజమాని. పార పట్టేవాడు మరొకడు. నవంబరు రాత్రి లేచి పళ్లెంలో నీరు గడ్డకట్టిందా అని చూసిన మనిషి ఎవరు?

దీనికి సమాధానం వెతకాలంటే వేరే ఆధారాలు కావాలి. ఈవ్లిన్ 1680లలో తన దగ్గర పని నేర్చుకోవడానికి చేరిన జోనథన్ మాస్ అనే యువకుని కోసం కొన్ని సూచనలు చేతితో రాసిపెట్టాడు. అవి చాలా కాలం రాతప్రతిగానే ఉండి 1932లో అచ్చయ్యాయి. తోటమాలి ప్రతి సోమవారం ఉదయం ఏ మూలనూ వదలకుండా తోటంతా తిరిగి చూడాలని, యజమాని అనుమతి లేనిదే పండ్లు, పూలు అమ్మకూడదని అందులో ఉంది. చివరి నియమాన్ని కొంచెం ఆలోచించి చదవండి. ఏదైనా ఒక పనిని ప్రత్యేకంగా నిషేధించారంటే, అది జరిగే అవకాశం ఉందని, బహుశా జరుగుతున్నదని యజమాని అనుకున్నాడని అర్థం.

స్త్రీల శ్రమకు ఆధారాలు లెక్కల పుస్తకాలలో దొరుకుతాయి. హాంప్టన్ కోర్ట్ రాజభవనపు 16వ శతాబ్దపు లెక్కలలో తోటలో కలుపు తీసిన స్త్రీలకు చెల్లించిన కూలి నమోదై ఉంది. పంచాంగంలో కలుపు తీయమని ఒక్క మాట ఉంటుంది. వంగి తీసిన మనిషి లెక్కల పుస్తకంలో ఉంటుంది. రెండింటినీ పక్కపక్కన పెట్టినప్పుడే తోట పూర్తిగా కనిపిస్తుంది.

9. తేదీల విషయంలో జాగ్రత్త

ఈవ్లిన్ కాలంలో ఇంగ్లండు జూలియన్ క్యాలెండరును పాటించేది. ఐరోపాలోని అనేక దేశాలు 1582 నుంచి గ్రెగోరియన్ క్యాలెండరుకు మారాయి. 17వ శతాబ్దంలో రెండింటి మధ్య తేడా 10 రోజులు. అంటే ఈవ్లిన్ 'అక్టోబరు 1' అని రాసిన రోజు నేటి లెక్కలో అక్టోబరు 11. ఇంగ్లండు 1752లో కొత్త పద్ధతికి మారింది. ఆ ఏడాది సెప్టెంబరు 2 తరవాతి రోజును సెప్టెంబరు 14గా లెక్కించారు.

సాధారణ చరిత్రలో 10 రోజుల తేడాను ఒక అధోజ్ఞాపికతో సరిపెట్టవచ్చు. తోటకు ఆ వెసులుబాటు లేదు. మొదటి మంచు పడడానికి పది రోజుల ముందు నారింజను లోపలికి తేవడం వేరు, పది రోజుల తరవాత తేవడం వేరు. పాత పంచాంగపు తేదీని నేటి తేదీగా తీసుకుని నాటి వాతావరణాన్ని అంచనా వేస్తే మన లెక్క తప్పుతుంది.

మన కార్తెలను ఇక్కడ పోల్చి చూడవచ్చు. చాంద్రమాన మాసాలు ఏటా ముందుకూ వెనక్కూ జరుగుతాయి. కార్తెలు సూర్యుని గమనం మీద ఆధారపడినవి కనుక ఏటా ఇంచుమించు అవే తేదీలలో వస్తాయి. ఒక్కొక్క కార్తె 13 లేదా 14 రోజులు. పండుగలకు తిథులను చూసే రైతు విత్తనానికి కార్తెను చూడడానికి ఇదే కారణం.

10. అవే నెలలు, వేరే పనులు

ఐరోపా వారు భారతదేశంలో తోటలు వేసినప్పుడు తమ పంచాంగాలు ఇక్కడ పనిచేయవని త్వరలోనే తెలుసుకున్నారు. ఇంగ్లండులో తోట మూతపడే నెలలు మన మైదానాలలో తోట తెరుచుకునే నెలలు. వానలు తగ్గి చలి మొదలయ్యే ముందే క్యాబేజీ, కాలీఫ్లవర్ నార్లు పోయాలి, క్యారెట్, బీట్‌రూట్ విత్తనాలు వేయాలి. వాటికి ఇక్కడి శీతకాలమే సరిపడే వేసవి. ఇక్కడ మొక్కకు శత్రువు మంచు కాదు, ఏప్రిల్ ఎండ.

ఈ మార్పును నేర్చుకోవడానికి సంస్థలు ఏర్పడ్డాయి. విలియం కేరీ 1820లో కలకత్తాలో వ్యవసాయ, ఉద్యాన సంఘాన్ని స్థాపించాడు. మద్రాసులో అటువంటి సంఘం 1835లో ఏర్పడింది. ఫర్మింజర్ అనే మతాచార్యుడు బెంగాలుకు, ఉత్తర భారతానికి తగిన తోటపని చేతిపుస్తకాన్ని 1860లలో ప్రచురించాడు. తెలుగు ప్రాంతంలో అంతకు ముందే, 1780లలో, కంపెనీ వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్ సామర్లకోటలో తోట పెంచి మిరియాలు, నీలి, మల్బరీ వంటి పంటలను పరీక్షించాడు. 1793లో కలకత్తా వృక్షశాస్త్ర ఉద్యానానికి అధిపతిగా వెళ్లాడు. కోరమాండల్ తీరపు మొక్కల మీద ఆయన 1795 నుంచి ప్రచురించిన సంపుటాలలోని బొమ్మలను గీసినవారు భారతీయ చిత్రకారులు. రాక్స్‌బర్గ్ పేరు మొక్కల శాస్త్రీయ నామాలలో నేటికీ ఉంది. బొమ్మలు గీసినవారిలో చాలామంది పేర్లు మనకు అందలేదు.

సేయెస్ కోర్ట్‌లో చూసిన పరిస్థితి సామర్లకోటలోనూ కనిపిస్తుంది. రాసినవారి పేరు మిగిలింది. చేసినవారి పేరు పోయింది. నేల తడి ఎప్పుడు సరిపడుతుందో, ఏ గాలి తరవాత వాన వస్తుందో తెలిసిన స్థానిక రైతుల, తోటమాలుల అనుభవం లేకుండా ఈ తోటలు నిలబడేవి కావు. ఆ అనుభవం ఎక్కువగా నోటి మాటగా సాగింది. అందువల్ల దానిని వెతికే పద్ధతి కూడా వేరుగా ఉండాలి. అటువంటి వెతుకులాటలో మీరు పాలుపంచుకోవచ్చు. ఈ పాఠం చివర ఇచ్చిన అభ్యాసం అందుకోసమే.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 2

1. ఈవ్లిన్ పంచాంగాన్ని, దినచర్యను కలిపి చదవడం వల్ల ప్రయోజనం ఏమిటి?
2. తోట పనివారి గురించి తెలుసుకోవడానికి ఏ ఆధారాలు ఉపయోగపడతాయి?

11. సారాంశం

తోట పంచాంగాలు రోమన్ల కాలం నుంచి అనేక సమాజాలలో వాడుకలో ఉన్నాయి. జాన్ ఈవ్లిన్ 1664లో ప్రచురించిన పంచాంగం ఇంగ్లండులో శరత్కాలపు పనులను నెలల వారీగా తెలుపుతుంది. పండ్లు దాచడం, నేల తవ్వడం, దుంపలు పాతడం, సున్నితమైన మొక్కలను కాపాడడం అందులో ముఖ్యమైనవి. వీటి వెనుక ఆహార భద్రత, సంపద ప్రదర్శన, అంతర్జాతీయ వ్యాపారం వంటి అంశాలు ఉన్నాయి. పంచాంగం జరగవలసినదానిని చెబుతుంది. 1683–84 శీతకాలం గురించిన దినచర్య, లేఖ జరిగినదానిని చెబుతాయి. పని చేసినవారి గురించి తెలుసుకోవడానికి సూచనల రాతప్రతులు, కూలి లెక్కలు అవసరం. తేదీలను నేటి క్యాలెండరులోకి మార్చుకుని చదవాలి. ఒక ప్రాంతపు పంచాంగం మరొక ప్రాంతానికి యథాతథంగా వర్తించదు.

12. అభ్యాసం

మీ ఊరిలో పెరడు గాని, పూలతోట గాని, కూరగాయల మడి గాని చాలా ఏళ్లుగా చూసుకుంటున్న ఒక పెద్దను కలవండి. ఉత్తర, హస్త, చిత్త, స్వాతి, విశాఖ కార్తెలలో వారు చేసే పనులను అడిగి, ఒక్కొక్క కార్తె కింద రాయండి. బంతి నారు ఎప్పుడు పోశారు, చామంతికి పిలకలు ఎప్పుడు తీశారు, ఆకుకూర మడిలో నీరు ఎప్పుడు ఆపారు వంటి చిన్న ప్రశ్నలు వేయండి. వారు చెప్పినదానిని రెండు వరుసలుగా విడదీయండి. మొదటి వరుసలో 'ఇలా చేయాలి' అని చెప్పినవి, రెండవ వరుసలో 'ఫలానా ఏడు ఇలా జరిగింది' అని చెప్పినవి. రెండు వరుసలూ ఎక్కడ కలుస్తున్నాయో, ఎక్కడ విడిపోతున్నాయో ఒక పుటలో రాయండి. చెప్పినవారు అంగీకరిస్తే వారి పేరు, మీరు వారిని కలిసిన తేదీ పుట పైభాగంలో తప్పక రాయండి. ఈవ్లిన్ పంచాంగంలో లేనిది అదే.

నమూనా పరీక్ష ప్రశ్నలు

*ఈ కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.*
1. 17వ శతాబ్దపు ఇంగ్లండులో శరత్కాలపు తోట పనుల వెనుక ఉన్న ఆర్థిక, సామాజిక కారణాలను చర్చించండి.
2. తోట పంచాంగాన్ని చరిత్ర ఆధారంగా ఉపయోగించేటప్పుడు తీసుకోవలసిన జాగ్రత్తలను వివరించండి.

*ఈ కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.*
1. జాన్ ఈవ్లిన్ 'సిల్వా' రచనకు దారి తీసిన పరిస్థితులు.
2. 1752 క్యాలెండరు మార్పు.
3. భారతదేశంలో ఐరోపా తోట పంచాంగాలు ఎదుర్కొన్న సమస్య.